ముందు రికార్డు, ఆ తర్వాతే ప్లేయర్

"అన్నా, పదిహేను వేలు పక్కన పెట్టాను. ఏ రికార్డ్ ప్లేయర్ కొనమంటావు?" అని కూకట్‌పల్లి నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. నేను ఏ పేరూ చెప్పలేదు. "నువ్వు ప్రాణంగా వినే ఐదు ఆల్బమ్‌ల పేర్లు రాసి పంపు, తర్వాత మాట్లాడదాం" అన్నాను. కాస్త చిరాకు పడ్డాడు గానీ రాత్రికల్లా పంపాడు. అందులో రెండు 1990ల తెలుగు సినిమాలు, ఒకటి 1960ల నాటి సినిమా, ఒకటి వాళ్ళ నాయనమ్మ రోజూ పెట్టించుకునే వేంకటేశ్వర సుప్రభాతం, ఇంకొకటి ఇంగ్లీష్ రాక్ ఆల్బమ్.

ఆ లిస్టు చూశాకే వాడికి ఏ ప్లేయర్ సరిపోతుందో నాకు తెలిసింది. చాలామంది ముందు ప్లేయర్ కొనేసి, ఆ తర్వాత రికార్డుల వేటలో పడతారు. రెండు నెలలు తిరిగాక, తమకిష్టమైన పాటలు ఆ రూపంలో రాలేదనో, వచ్చినవి తమ ప్లేయర్ మీద తిరగవనో తెలుస్తుంది. అప్పటికి డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది.

మీకిష్టమైన పాట ఏ రూపంలో ఉంది?

మన తెలుగు సినిమా పాటల విషయంలో ఒక సంగతి మొదటే తెలుసుకోవాలి. ఇంగ్లీష్ సంగీతంలో ఆల్బమ్ అంటే పన్నెండు అంగుళాల ఎల్పీ. నిమిషానికి ముప్ఫై మూడుంపావు చుట్లకు కొంచెం ఎక్కువగా తిరుగుతుంది, ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పాటలు పడతాయి. మన పాత సినిమాలకు మాత్రం ఎక్కువగా వచ్చినవి ఈపీలు. ఏడంగుళాల చిన్న రికార్డు, 45 స్పీడు, వైపుకు రెండు చొప్పున నాలుగు పాటలు. సినిమాలో ఎనిమిది పాటలుంటే రెండు ఈపీలు వెతుక్కోవాలి. ఆ సినిమా పాటలన్నీ ఒకే ఎల్పీగా రాకపోయే అవకాశమే ఎక్కువ. తర్వాతి రోజుల్లో వచ్చిన ఎల్పీల్లో పది సినిమాల నుంచి ఏరి కూర్చినవి చాలా ఉన్నాయి. వినడానికి అవి బాగుంటాయి. కానీ ఒకే సినిమా పాటలు వరసగా వినాలని మనసు పడేవాళ్ళకు వాటితో తృప్తి ఉండదు.

సినిమాయేతర సంగీతం సంగతి వేరు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం 1963లో ఎల్పీగానే వచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఆవిడ పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదు ఎల్పీల వరస. ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత కూడా ఎల్పీ మీదే మన ఇళ్ళకు చేరింది. జగ్జీత్ సింగ్, చిత్రా సింగ్‌ల మొదటి గజల్ ఆల్బమ్ 1976లో హెచ్ఎంవీ ఎల్పీగా వచ్చింది. కచేరీలు, భక్తి సంగీతం, గజళ్ళు మీకిష్టమైతే ఎల్పీలు వెతకండి. హైదరాబాద్‌లో ఇవి సినిమా ఈపీల కన్నా తేలిగ్గా, మంచి స్థితిలో దొరుకుతాయని నా అనుభవం. కారణం ఊహించగలను. సినిమా ఈపీని పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో అరిగేదాకా తిప్పారు. సుప్రభాతాన్ని మాత్రం పెద్దావిడ ఒక్కరే ముట్టుకునేవారు, విన్న ప్రతిసారీ తుడిచి కవర్లో పెట్టేవారు.

1990ల సినిమా పాటలు చాలామటుకు క్యాసెట్ మీద, ఆ తర్వాత సీడీ మీద వచ్చాయి. రికార్డులు అప్పటికే తగ్గిపోయాయి. మీ ఐదింటిలో నాలుగు ఆ కాలానివైతే, దయచేసి ప్లేయర్ కొనకండి. ఎవరి మనసూ నొప్పించాలని కాదు, ఆ డబ్బుతో మంచి స్పీకర్లు కొంటే అవే పాటలు ఇంకా బాగా వినిపిస్తాయి.

78 స్పీడు రికార్డుల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అవి మామూలు రికార్డుల్లా వినైల్ ప్లాస్టిక్ కావు, లక్కతో చేసినవి. వైపుకు మూడు నిమిషాల ఒక్క పాట. చేయి జారితే పగిలిపోతాయి. గాడి వెడల్పు కాబట్టి ముల్లు కూడా వేరే కావాలి, మామూలు ఎల్పీ ముల్లు కంటే దాదాపు నాలుగింతల లావుది. స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరుగుతుంది. మీ ఇంట్లో తాతగారి పెట్టె ఉంటే తప్ప వీటితో మొదలుపెట్టొద్దు.

పాతదా, కొత్తదా?

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు ఇక్కడే పోతుంది.

హైదరాబాద్‌లో పాత రికార్డులకు నేను తిరిగే చోట్లు మూడు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. వాటి మధ్యలో అప్పుడప్పుడు ఒక అట్టపెట్టె నిండా రికార్డులు కనిపిస్తాయి. గురువారం జుమ్మేరాత్ బజార్. అక్కడికి పొద్దున్నే వెళ్ళాలి, ఎండెక్కితే మంచివి వెళ్ళిపోతాయి. మూడోది ఎర్రగడ్డ ఆదివారం సంత. ఈ మూడు చోట్లా ఏది దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకసారి వట్టి చేతులతో వస్తాం, ఒకసారి ఏడు ఈపీలు ఒకే కుప్పలో దొరుకుతాయి. ఒక పేరు పట్టుకుని వెతికేవాళ్ళకు సంత కలిసిరాదు. దొరికినదాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఇష్టంగా వినగలిగినవాళ్ళకు అదే స్వర్గం.

సంతలో కొనేటప్పుడు నేను చేసే పని ఒకటుంది. ముందు కవరు చూడను. రికార్డు బయటికి తీసి, అంచులు పట్టుకుని, ఎండకు ఏటవాలుగా తిప్పుతాను. నీడలో అయితే ఫోన్ టార్చ్. నల్లగా నిగనిగలాడితే ఆశ ఉంది. గాడుల మీద బూడిద రంగు తేలితే, అరిగిన ముల్లుతో, బరువైన ప్లేయర్ మీద వందలసార్లు తిప్పారని అర్థం. దాన్ని ఎంత కడిగినా లాభం లేదు, గాడి గోడే పోయింది. పైపైన కనిపించే సన్న గీతలు చాలాసార్లు వినిపించవు. గోటితో మెల్లగా తడిమితే తగిలే గీత మాత్రం ప్రతి చుట్టుకూ "టక్" అంటుంది. తర్వాత లేబుల్ మీద బెజ్జం చుట్టూ చూడండి. ప్లేయర్ మధ్యలోని కడ్డీకి గురి తప్పి రాసుకున్న సన్నటి గీతలు ఎన్ని ఉంటే అన్నిసార్లు వాడినట్టు. చివరగా కళ్ళకు ఎదురుగా అడ్డంగా పట్టుకుని వంకర ఉందేమో చూడాలి. కొంచెం అలలా లేస్తే ముల్లు తట్టుకుంటుంది. పళ్ళెంలా గుంట పడితే వదిలేయండి.

ఈ పరీక్షలు చేసే వీలు ఆన్‌లైన్‌లో ఉండదు. అక్కడ అమ్మేవాళ్ళు నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్ అని గ్రేడ్లు రాస్తారు. పేరు చూసి మోసపోవద్దు. 'వెరీ గుడ్' అంటే చాలా బాగుందని కాదు, చిటపటలు బాగానే వినిపిస్తాయని. 'గుడ్' అంటే దాదాపు వినలేం. వెరీ గుడ్ ప్లస్ కంటే తక్కువది నేను ఆన్‌లైన్‌లో కొనను. ఒకసారి ఒక అమ్మకందారు దగ్గర ఆ గ్రేడ్ చూసే ఒక కచేరీ ఎల్పీ తెప్పించుకున్నాను. పల్చటి అట్టలో చుట్టి పంపారు, అంచు పగిలి వచ్చింది. మొదటి కీర్తన మొత్తం పోయింది. అప్పటి నుంచి గాడుల ఫొటో అడగకుండా, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి పంపుతామని మాట తీసుకోకుండా డబ్బు కట్టడం లేదు.

కొత్తగా ముద్రించిన రికార్డుల వల్ల ఎంత సుఖమో, అంత ఖర్చు. చిటపటలు తక్కువ, వంకర ఉంటే వెనక్కి ఇవ్వొచ్చు, కావాల్సిన పేరే కొనుక్కోవచ్చు. 180 గ్రాముల బరువని గొప్పగా రాస్తారు. బరువుంటే చేతికి బాగుంటుంది, వంగడం కొంత తక్కువ. అంతకుమించి శబ్దం మెరుగవుతుందని నమ్మి డబ్బు పెట్టొద్దు. శబ్దం బాగుండటం, బాగుండకపోవడం మాస్టర్ దగ్గరే, అంటే అచ్చుకు మూలమైన రికార్డింగ్ దగ్గరే తేలుతుంది. పాత పాటను డిజిటల్ ఫైల్ నుంచి తీసి కొత్త రికార్డు మీదికి ఎక్కిస్తే, మీరు వినేది ఆ ఫైల్‌నే.

నా నిర్ణయం ఇది. ఇంగ్లీష్ ఆల్బమ్‌లకు కొత్తవి కొనండి. పాత విదేశీ ప్రతులు హైదరాబాద్‌లో తక్కువ, దొరికినా అరిగి ఉంటాయి. పాత తెలుగు పాటలకు పాతవే కొనండి, ఎందుకంటే వాటిలో చాలావాటికి కొత్త ముద్రణే లేదు. పైగా కలకత్తా దగ్గర డమ్ డమ్ ఫ్యాక్టరీలో అప్పట్లో అచ్చయిన ఈపీ ఒకటి శుభ్రంగా దొరికితే, ఘంటసాల గొంతు గదిలో నిలబడినట్టు వినిపిస్తుంది. సంతలో వంద, రెండొందలు పెట్టి కొన్న ఈపీ నాకు ఇచ్చినంత ఆనందం మూడు వేల కొత్త ఎల్పీ ఇవ్వలేదు. ఇది నా పక్షపాతమే అనుకోండి, దాచుకోను.

ఇప్పుడు ప్లేయర్

సూట్‌కేసులా ముడిచే ప్లేయర్లు అందంగా ఉంటాయి, చవక, స్పీకర్ లోపలే ఉంటుంది. గదిలో పెట్టుకుంటే ఫొటోకి బాగుంటుంది. కానీ వాటిలో చాలావాటికి సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టి ఉంచి, దాని అదురును కరెంటుగా మార్చే చిన్న భాగం) ఉంటుంది, ముల్లు ఐదారు గ్రాముల బరువుతో గాడిని నొక్కుతుంది. మంచి కార్ట్రిడ్జ్‌కు రెండు గ్రాములు చాలు. స్పీకరూ, రికార్డు తిరిగే పళ్ళెమూ ఒకే డబ్బాలో ఉండటంతో ఆ అదురు ముల్లుకే తగులుతుంది. నలభై ఏళ్ళు ఎవరో కాపాడిన ఈపీని దీనిమీద పెట్టడానికి నాకు మనసొప్పదు. డబ్బు తక్కువగా ఉంటే ఇంకో మూడు నెలలు ఆగండి, ఇది మాత్రం కొనకండి.

మా తమ్ముడికి నేను చెప్పింది ఆడియో టెక్నికా ఎల్పీ60ఎక్స్ తరహా ఆటోమేటిక్. బటన్ నొక్కితే ముల్లు ఉన్న చేయి లేచి దానంతట అదే రికార్డు మీదికి వెళ్తుంది, పాట అయ్యాక తిరిగొస్తుంది. 33, 45 రెండు స్పీడులూ బటన్‌తోనే మారతాయి. ఎల్పీ సైజా, ఈపీ సైజా అని చెప్పడానికి వేరే స్విచ్ ఉంది. ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీఆంప్ లోపలే ఉంది కాబట్టి పవర్డ్ స్పీకర్లకు, అంటే ఆంప్లిఫయర్ లోపలే ఉన్నవాటికి, నేరుగా కలపొచ్చు. దాని లోటు కూడా చెప్పాలి. ముల్లు మార్చుకోవచ్చు గానీ కార్ట్రిడ్జ్ మార్చలేం, ముల్లు నొక్కే బరువు సర్దలేం. రేపు ఇంకా మంచి శబ్దం కావాలంటే మొత్తం ప్లేయరే మార్చాలి. 78 స్పీడు లేదు.

78 కూడా కావాలంటే అదే కంపెనీ ఎల్పీ120ఎక్స్ చూడండి. డైరెక్ట్ డ్రైవ్, అంటే బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్ళెం తిప్పుతుంది. మూడు స్పీడులు. దానితో వచ్చే కార్ట్రిడ్జ్ అలాగే ఉంచి, 78కి సరిపోయే లావు ముల్లు విడిగా కొని తగిలించుకోవచ్చు. తాతగారి పెట్టె ఉన్నవాళ్ళకు ఇంతకంటే తేలిక దారి నాకు కనిపించలేదు.

రేగా ప్లేనార్ 1 శబ్దం వీటన్నిటి కంటే నాకు ఇష్టం. కానీ 33 నుంచి 45కి మారాలంటే పళ్ళెం ఎత్తి, కింద బెల్టును చేత్తో మార్చాలి. ఎల్పీలు మాత్రమే వినేవాళ్ళకు అదేం పెద్ద పని కాదు. ఒక ఎల్పీ, రెండు ఈపీలు, మళ్ళీ ఎల్పీ అని మార్చి మార్చి వినే మనలాంటి వాళ్ళకు వారం తిరక్కుండా విసుగొస్తుంది. తెలుగు ఈపీల కోసమే మొదలుపెడుతుంటే ఇది వద్దు.

పాత ప్లేయర్ల మాట కూడా ఎప్పుడూ వస్తుంది. హెచ్ఎంవీ ఫియెస్టా, కలిప్సో లాంటివి సంతలో కనిపిస్తాయి. చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. లోపల రబ్బరు చక్రం గట్టిపడి ఉంటుంది, స్పీడు నిలకడగా ఉండదు. క్రిస్టల్ కార్ట్రిడ్జ్ ఉంటే మన వానాకాలపు తేమకు అది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. కోఠిలో గుజరాతీ గల్లీ చుట్టుపక్కల ఇప్పటికీ ఇలాంటివి విప్పి చూసే చేతులున్నాయి. బాగు చేయించి ఇంట్లో పెట్టుకోండి, పండగనాడు ఒక పాట పెట్టండి. రోజూ వినడానికి, ముఖ్యంగా మంచి రికార్డులకు, వాడొద్దు.

అమెరికా నుంచి తెచ్చే ప్లేయర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళో ప్రతి రెండో ఇంట్లో అక్కడ ఒకరుంటారు. "బావగారు వస్తున్నారు, పాత ప్లేయర్ తెస్తానంటున్నారు" అని సంబరపడతాం. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ సరిపోతుంది, హెర్ట్జ్ మాత్రం మారదు. పాత బెల్ట్ ప్లేయర్లలో మోటారు నేరుగా కరెంటు హెర్ట్జ్‌ను బట్టి తిరిగేదైతే, మన 50 హెర్ట్జ్ మీద ఆరో వంతు నెమ్మదిస్తుంది. 33 కాస్తా 28 దగ్గర పడుతుంది. సుశీల గొంతు మగగొంతులా వినిపించి, రికార్డు పాడైందనుకుంటాం. అడాప్టర్‌తో నడిచే కొత్త ప్లేయర్లకు, క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ వాటికి ఈ గొడవ లేదు. బావగారు పెట్టె సర్దకముందే మోటారు ఏ రకమో అడగండి.

స్పీకర్లు, ముల్లు

పవర్డ్ స్పీకర్ల జత ఒకటి చాలు, ఆంప్లిఫయర్ తర్వాత చూసుకోవచ్చు. బ్లూటూత్ కంటే వైరు మేలు. ప్లేయర్‌ని, స్పీకర్లని ఒకే బల్ల మీద పెట్టకండి. "గుమ్" అని హమ్ వస్తుంటే ముందు ప్లేయర్ వెనక ఎర్త్ వైరు బిగించి ఉందా, ఇంటి ప్లగ్గుకు ఎర్త్ ఉందా చూడండి. పాత ఇళ్ళలో మూడో బెజ్జం ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండదు.

ముల్లు మీద మాత్రం పిసినారితనం వద్దు. రకాన్ని బట్టి 300 నుంచి 1000 గంటల తర్వాత మార్చాలి. అరిగిన ముల్లు మీ రికార్డుల్ని ఒక్కొక్కటిగా తినేస్తుంది. ప్లేయర్ కొన్న రోజే ఇంకో ముల్లు కొని బీరువాలో పెట్టుకోవడం నా అలవాటు.

మన ఎండ, మన నీళ్ళు

రికార్డులు నిలబెట్టి పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. మే నెలలో పడమటి గోడ దగ్గర, అటక మీద పెట్టొద్దు. సంత నుంచి వచ్చేటప్పుడు కారులో వదిలి బిర్యానీకి వెళ్ళొద్దు. మూసిన కారులో గంట చాలు, అంచులు అలల్లా లేస్తాయి. వానాకాలంలో కవర్లకు బూజు పడుతుంది, కాబట్టి బీరువాను నెలకోసారి తెరిచి గాలి తగలనివ్వండి. కలరా ఉండలు వేయొద్దు, ఆ వాసన అట్టను వదలదు.

కడగడానికి బోరు నీళ్ళు వాడితే ఆరాక తెల్లటి ఉప్పు గాడుల్లో కూర్చుంటుంది, చిటపటలు రెట్టింపవుతాయి. డిస్టిల్డ్ వాటర్ కొనండి. అందులో ఒక్క చుక్క వాసన లేని సబ్బు నీరు, మెత్తటి గుడ్డ, గాడి తిరిగే దిక్కులోనే తుడవడం, మళ్ళీ వట్టి డిస్టిల్డ్ నీళ్ళతో ఒకసారి. లేబుల్ తడవకూడదు. సంత నుంచి తెచ్చినదాన్ని కడగకుండా ముల్లు పెట్టొద్దు.

మా తమ్ముడి దగ్గర ఇప్పుడు ఆ ఆటోమేటిక్ ప్లేయర్ ఉంది. సుప్రభాతం ఎల్పీ అబిడ్స్‌లో మూడో ఆదివారం దొరికింది, నాయనమ్మ మొదటిసారి విన్నప్పుడు మంచం మీద లేచి కూర్చున్నారట. రాక్ ఆల్బమ్ కొత్తది తెప్పించుకున్నాడు. 1960ల సినిమాకు రెండు ఈపీల్లో ఒకటి దొరికింది, రెండోదాని కోసం గురువారాలు తిరుగుతున్నాం. మిగిలిన రెండు సినిమాల రికార్డుల కోసం వెతకొద్దని చెప్పాను. మా ఇంట్లో వాడకుండా ఉన్న సీడీ ప్లేయర్‌ని వాడి స్పీకర్ల రెండో ఇన్‌పుట్‌కు కలిపి ఇచ్చాను.